యాభై మూడో గోళీ

మా మామయ్య గేర్లు కోసే తన మిల్లింగు మిషను మీద పదకొండేళ్ళపాటు నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. ఇల్లరికం అల్లుణ్ణి. ఆయన ఇంట్లో తింటూ, ఆయన ముందుగదిలోనే బల్ల వేసుకుని రేడియోలూ మిక్సీలూ బాగుచేసుకునేవాణ్ణి. పెరట్లో ఉన్న షెడ్డులోకి మాత్రం నాకు గడప దాకానే ప్రవేశం. "ఏమోయ్ కరెంటూ, నీ పనిలో తప్పు జరిగితే ఎవడి కంటికీ కనబడదు. నా పనిలో తప్పు జరిగితే గేరు మీద పన్నై కూర్చుంటుంది. దూరంగా ఉండు" అనేవాడు. నన్ను ఎప్పుడూ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. కరెంటనే పిలిచేవాడు, కరెంటు లేని రోజున కూడా.

అలాంటి మనిషి ఆ ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికొచ్చాడు. చేతిలో ఉన్న గేరుని నా వైర్ల మధ్య పెట్టి, "ఇందులో పళ్ళెన్నో లెక్కపెట్టు" అన్నాడు.

లెక్కపెట్టాను. "యాభై రెండు మామయ్యా. ఇదిగో, ఇక్కడ ఒకటి ఒకటిన్నర పన్నంత లావుగా ఉంది."

"నాకూ అంతే వచ్చింది. యాభై మూడుండాలి. ఇది రెండోది. మొదటిది కాగితం మిల్లువాళ్ళు తిప్పి పంపారు. ఇది నేనే పట్టుకున్నా. అమ్మాయికి చెప్పకు."

ఆయన పద్ధతేమిటో ముందు చెప్పాలి. రోటరీ టేబులంటే గుండ్రటి ఇనప పీట. గేరు కాబోయే దిమ్మని దాని మీద బిగిస్తారు. పక్కనున్న పిడి తిప్పితే పీట కొంచెం కొంచెంగా తిరుగుతుంది. యాభై మూడు పళ్ళ గేరుకి, ఒక్కో పన్నుకీ పిడి ఒక చుట్టు పూర్తిగా తిప్పి, ఆపైన పిడి వెనకున్న చిల్లుల పళ్ళెం మీద ముప్పై ఏడు చిల్లులు దాటించి, అక్కడ బిగించి, కట్టరుతో ఒక గాడి కోయాలి. గాడి కోశాక మామయ్య కుడి డబ్బాలోంచి ఒక బేరింగు గోళీ తీసి ఎడమ డబ్బాలో వేసేవాడు. టింగుమనేది. యాభై మూడు గోళీలూ అటు చేరాయంటే గేరు పూర్తయినట్టు. మా ఆవిడ చిన్నప్పుడు ఆ టింగుల మధ్యే నిద్రపోయేదట.

ఇప్పుడు ఆయన పిడి ఒక చుట్టు తిప్పి, తిప్పానో లేదో అని అనుమానమొచ్చి, ఇంకో చుట్టు తిప్పేస్తున్నాడు. అదీ సంగతి. డాక్టరు ఆ జబ్బుకి ఒక పేరు చెప్పాడు. మా ఇంట్లో దాన్ని ఎవరం పలకలేదు.

చెప్పొద్దన్నా మా ఆవిడకి తెలిసిపోయింది. బడి పిల్లల దొంగతనాలు పట్టుకునే టీచరు, తండ్రి ముఖం చదవలేదా? ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు తోముతూ, నావైపు తిరక్కుండానే అంది:

"గేరు పాడైతే పోనీ అనుకుంటానండీ. కట్టరు తిరుగుతుండగా తను ఎక్కడున్నాడో మర్చిపోతే? వేళ్ళు తెగితే? మిల్లువాళ్ళకి మాటిచ్చాడు కాబట్టి ఈ పన్నెండు గేర్లూ కానివ్వండి. ఈలోగా ఇంకొక్క గేరు చెడిందంటే షెడ్డుకి తాళం వేస్తాను. నాన్న ఏడ్చినా సరే వేస్తాను."

"ఏడిస్తే నువ్వు చూడగలవా?"

"చూడలేను. అయినా వేస్తాను."

సొరుగులోంచి తాళం తీసి చూపించింది కూడా. కొత్తది. అప్పటికే కొనిపెట్టుకుందన్నమాట.

మర్నాడు పొద్దున్నే మామయ్య షెడ్డు గడప దగ్గర నన్ను ఆపాడు. ఆయన అంత గొంతు తగ్గించి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"నిన్న పక్కింటాయన పేరు గుర్తు రాలేదు. మొన్న మా అమ్మ పేరు ఎంత తన్నుకున్నా రాలేదు. కానీ మిషను దగ్గర నిలబడితే చేతులకి అన్నీ గుర్తొస్తాయోయ్. నిన్న అమ్మాయి నీతో అన్నది విన్నా. ఆ తాళం పడిందంటే నాలో ఇంకేం మిగలదు." నా మణికట్టు పట్టుకున్నాడు. "నువ్వే ఏదో ఒకటి చెయ్యి. ఆ పిడి తిప్పే లెక్క ఒక్కటి నా నెత్తి మీద నుంచి దించు. మిగతాది నేను చూసుకుంటా."

నాకు కళ్ళ నీళ్ళాగలేదు. పదకొండేళ్ళుగా నన్ను పూచికపుల్లలా చూసిన మనిషి అలా చెయ్యి పట్టుకుంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. చేస్తాను మామయ్యా అన్నాను. ఎలా చెయ్యాలో మాత్రం నాకు తెలియదు.

మిల్లువాళ్ళు మొదటి వానలకి యంత్రాలు ఆపి విప్పుతారు. ఆలోగా పన్నెండు గేర్లు అందాలి. వాళ్ళిచ్చింది పదిహేను పోత దిమ్మలు. రెండు పోయాయి, పదమూడున్నాయి. నాకున్న వ్యవధి ఏడు వారాలు.

పాత సామాన్ల కొట్టులో ఒక పెద్ద జిరాక్సు మిషనుంది. దాని పొట్టలోంచి స్టెప్పర్ మోటారు పీకించాను. మామూలు మోటారులా గిర్రున తిరగదది, ఎన్ని అడుగులు వెయ్యమంటే సరిగ్గా అన్నే వేస్తుంది. టేబులు పిడి తీసేసి ఆ మోటారు తగిలించాలి. దాన్ని నడిపే బోర్డుకి బుర్రలాంటి చిన్న చిప్పు, నంబర్లు నొక్కడానికి చచ్చిపోయిన టెలిఫోను మీట్లు, అంకెలు కనబడటానికి ఒక బుల్లి తెర. వీటన్నిటికీ ఇల్లు, ఎవరో తీసుకెళ్ళకుండా వదిలేసిన స్టెబిలైజర్ డబ్బా. పళ్ళెన్నో మీటతో చెప్పి పచ్చ బొత్తాం నొక్కితే టేబులు ఒక పన్నంత జరిగి ఆగాలి. తెర మీద ఎన్నో పన్నో కనబడాలి. చెప్పుకోవడానికి ఇంతే.

చెయ్యడానికి తల ప్రాణం తోకకొచ్చింది. మోటారు మూలుగుతుంది, కదలదు. కదిలితే టేబులు బరువుకి అడుగులు మింగేస్తుంది. నాలుగు వారాల్లో మూడు బోర్డులు కాల్చాను. మామయ్య ఇప్పుడు గడప దాటనిచ్చిన ఆ షెడ్డులో, రేకు కింద ఎండకి టంకం తానే కరిగిపోయేలా ఉండేది. నా రిపేరు బల్ల మీద జనం ఇచ్చిన మిక్సీలు దుమ్ము కొట్టుకుపోయాయి. మామయ్య వెనకాలే స్టూలు మీద కూర్చుని అడిగేవాడు, "అయిందా?" అని. ఐదు నిమిషాల కింద అడిగిన సంగతి మర్చిపోయి మళ్ళీ అడిగేవాడు. ఒకరోజు విసుక్కున్నాను. "అయితే నేనే చెప్తాను కదా, ప్రాణం తియ్యకండి!" ఆయన లేచి, మోటారుని టేబులుకి కలిపే ముక్కని చేతిలోకి తీసుకుని, నేను అల్యూమినియంతో చేసిన ఆ వంకర ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, లేతు దగ్గరికి వెళ్ళి, గంటలో ఇనపది కొత్తగా తిప్పి తెచ్చాడు. ఎవరూ కొలతలివ్వలేదు. అది పెట్టాక మోటారు మూలగడం మానేసింది. తప్పు నా ఎలక్ట్రానిక్సులో లేదు, ఆ వంకరలో ఉంది. నాకు సిగ్గేసింది.

ఐదో వారంలో మొదటి దిమ్మ ఎక్కించాం. యాభై మూడు నొక్కాను. బొత్తాం, కోత, బొత్తాం, కోత. మామయ్య చేతులు నిజంగానే ఏమీ మర్చిపోలేదు. బిగించడం, కట్టరు ముందుకి తోలడం, వెనక్కి లాగడం, వదులు చెయ్యడం అన్నీ వెన్నతో పెట్టిన విద్య. నేను గడప దగ్గరే నిలబడ్డాను. తెర మీద యాభై మూడు పడ్డాక చిన్నపిల్లాడిలా ఎగిరాను.

ఆయన ఎగరలేదు. గుడ్డతో తుడిచి, కళ్ళు మూసుకుని, గేరు చుట్టూ బొటనవేలు నడిపాడు. ఒకచోట ఆగాడు.

"ఇది లావుగా ఉంది."

"అన్నీ ఒకేలా ఉన్నాయి మామయ్యా."

"కొలువు."

కొలిచాను. వెంట్రుక మందం కంటే ఎక్కువే తేడా. చివరి పన్ను. అది నా తప్పు. టేబులు ఒక చుట్టు తిరగడానికి మోటారు లక్షా నలభై నాలుగు వేల అడుగులు వెయ్యాలి. దాన్ని యాభై మూడుతో భాగిస్తే రెండువేల ఏడువందల పదహారు, పైన ఇంకొంచెం. ఒక్క అడుగు కూడా లేని ఆ కొంచెంతో ఏం కొంప మునుగుతుందిలే అని వదిలేశాను. యాభై మూడుసార్లు వదిలేసిందంతా పోగై చివరి పన్ను మీద కూర్చుంది.

"నువ్వు ప్రతి పన్నునీ దేన్నుంచి కొలుస్తున్నావు?" అన్నాడు మామయ్య.

"ముందు పన్ను నుంచి."

"అదే మరి. పక్కవాడిని చూసి నిలబడితే వరస వంకరపోతుంది. ప్రతిదాన్నీ మొదటి పన్ను నుంచి కొలువు. తప్పు పోగవ్వదు."

పక్కింటాయన పేరు గుర్తులేని మనిషి చెప్పిన మాట అది. సాయంత్రానికల్లా చిప్పులో లెక్క మార్చాను. దాంతో దిమ్మలు సరిగ్గా పన్నెండే మిగిలాయి. అదనంగా ఒక్కటీ లేదు. ఆ పాడైనదాన్ని మా ఆవిడ కంటబడకుండా నా బల్ల కింద రేడియో అట్టపెట్టెలో దాచాను. నా తప్పుకి ఆయన షెడ్డు మూతపడుతుందేమోనని దొంగలా దాచాను.

మర్నాడు చేసిన గేరు కచ్చితంగా వచ్చింది. ఆ తర్వాతదీ అంతే. రోజుకొకటి. నాకు ప్రాణం లేచొచ్చింది. మూడో రోజున ఆయన బొత్తాం నొక్కుతూనే, కోత కోశాక పాతలవాటుగా గోళీ తీసి డబ్బాలో వేస్తుంటే చూశాను.

"మామయ్యా, ఇంకా అవెందుకు? పెట్టె లెక్కపెడుతోంది కదా. రెండు లెక్కలుంటే మీరు గజిబిజి పడతారు."

"అలవాటోయ్."

"మీరు పెట్టెని నమ్మండి. మీ లెక్కతో పని లేదు. పెట్టె తప్పదు."

డబ్బాలు రెండూ తీసుకెళ్ళి అటక మీద పెట్టేశాను. ఆయనకి సాయం చేశాననే అనుకున్నాను. ఆయన తప్పింది పిడి దగ్గర. గోళీల దగ్గర ఒక్కసారీ తప్పలేదు. ఆ తేడా నా బుర్రకి తట్టలేదు.

ఎనిమిదో గేరు వేళకి నేను గడప దగ్గర నిలబడటం మానేసి, నా మిక్సీల దగ్గరికి పోయాను. జనం తిట్ల భయం ఒకవైపు, మోటారు చప్పుడు ముందుగదిలోకి వినబడుతూనే ఉందన్న ధైర్యం ఒకవైపు. ఆ రోజుల్లోనే మా ఆవిడ పెరట్లో బట్టలు ఉతుకుతూ నన్ను కేకేసింది. బకెట్టు అడుగున చిన్న ఇనప గోళీ ఉంది.

"నాన్న చొక్కా జేబులోంచి పడింది. నిన్న కూడా ఒకటి పడింది. ఇప్పుడు గోళీలు జేబుల్లో దాచుకుంటున్నాడా?" ఆమె తడి చొక్కా జేబు బయటికి తిప్పి చూపించింది. "ఎక్కువవుతోంది కదండీ?"

"అవును" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. జబ్బు ముదిరినవాళ్ళు అవీ ఇవీ దాచుకుంటారని ఎక్కడో విన్నాను. ఆ గోళీని ఆమె కొంగుకి తుడిచి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని నా సామాన్ల డబ్బాలో పడేశాను. ఆయన్ని అడగాలని మాత్రం ఇద్దరికీ తోచలేదు.

పన్నెండో గేరు రోజున పొద్దుటి నుంచే మబ్బు పట్టింది. గాలి ఆడక చొక్కా వీపుకి అతుక్కుపోతోంది. మిల్లు నుంచి కొలతలాయన నాలుగింటికి వస్తానన్నాడు. చేతిలో వెర్నియరు కొలబద్ద, మొహంలో విసుగు తప్ప ఇంకేమీ ఉండని మనిషి. మొదటి గేరు తిప్పి పంపింది ఆయనే. ఒక్కటి తేడా వచ్చినా మొత్తం వాపసు తీసుకోండి అని ముందే చెప్పాడు.

మూడింటికి మోటారు చప్పుడు ఆగిపోయింది. నేను ఒక మిక్సీ పని చేస్తున్నవాణ్ణి, అది పూర్తిచేసి మూడున్నరకి షెడ్డులోకి వెళ్ళాను. మామయ్య స్టూలు మీద కూర్చున్నాడు. గేరింకా టేబులు మీదే ఉంది. తెర మీద యాభై మూడు.

"అయిపోయిందా మామయ్యా?"

"పెట్టె అయిపోయిందంటోంది."

గుడ్డ తీసుకుని గేరు తుడిచాను. ఆయన దగ్గర చూసి నేర్చుకున్నట్టు చుట్టూ వేలు నడిపాను. సగం దాటాక వేలికి గాడి తగల్లేదు. రెండు పళ్ళూ వాటి మధ్య చోటూ కలిసి ఒకటే దిమ్మలా ఉన్నాయి.

ఆ ఒక్క గాడి కోయలేదు.

ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. బొత్తాం నొక్కాడు, టేబులు జరిగింది, కోశాననుకుని మళ్ళీ నొక్కాడు. నా పెట్టెకి తెలిసింది ఒకటే, టేబులు ఎక్కడుందన్నది. కట్టరు గాడి కోసిందో లేదో దానికి తెలియదు. ఏడు వారాలు కూర్చుని, ఏదో సాధించానని విర్రవీగి, ఆ సంగతే నేను ఆలోచించలేదు.

"పెట్టె తప్పు మామయ్యా" అన్నాను. నాకు అబద్ధం అంత తొందరగా ఎప్పుడూ దొరకలేదు. "వైరు లూజైనట్టుంది. ఒక్క నొక్కుకి రెండుసార్లు తిరిగింది."

ఆయన నా మొహం వంక చూసి, పిడికిలి విప్పాడు. అరచేతిలో ఒక గోళీ. చెమటకి తడిసి మెరుస్తోంది.

"పొద్దున యాభై మూడు లెక్కపెట్టుకునే కుడి జేబులో పోసుకున్నా" అన్నాడు. "గాడి కోసినప్పుడల్లా ఒకటి ఎడమ జేబులోకి. రోజూ అలాగే. నువ్వు కోప్పడతావని నీకు చెప్పలేదు. ఇవాళ ఇదొక్కటి మిగిలింది. ఎందుకు మిగిలిందా అని అరగంట నుంచీ ఆలోచిస్తున్నా. పెట్టె యాభై మూడంటోంది. మరి నేనే పొద్దున ఒకటి ఎక్కువ పోసుకుని ఉంటాననుకున్నా."



"గేరు వంక చూసి ఉంటే తెలిసేది కదా మామయ్యా" అన్నాను.

"చూడాలని తోచలేదోయ్."

ఆ మాట అంటున్నప్పుడు ఆయనకే భయం వేసింది. కళ్ళల్లో కనబడింది. నేను ఆయన పక్కన కూలబడి ఏడవాలనుకున్నాను, కానీ నాలుగవడానికి పావుగంటే ఉంది.

తప్పుగా కోసినదాన్ని ఎవరూ దిద్దలేరు. కోయనిదాన్ని మాత్రం కోయొచ్చు. మొదటి పన్ను నుంచి లెక్కపెట్టాను, వదిలేసిన గాడి ముప్పై ఒకటోది. పెట్టె అన్నిటినీ మొదటి పన్ను నుంచే కొలుస్తుంది కాబట్టి ఆ అంకె నొక్కితే చాలు, నొక్కాను. టేబులు గుర్రుమంటూ తిరిగి, ఆ మొండి చోటుని తెచ్చి కట్టరు ఎదురుగా ఆపింది. నేను గడప వైపు జరిగి ఆయనకి దారిచ్చాను.

మామయ్య లేచాడు. మిషను పిడి మీద చెయ్యి వేశాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత తీసేశాడు.

"నువ్వు కొయ్యి."

"నేనా? నాకు చేతకాదు మామయ్యా."

"పదకొండేళ్ళు గడప దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నావుగా. రా." నా చెయ్యి పట్టి పిడి మీద పెట్టాడు. "ముందు టేబులు బిగించు. ఆ, అలా. ఇప్పుడు మెల్లగా తిప్పు. తొందరపడకు. చప్పుడు మారితే ఆగు."

ఆయన చెయ్యి నా చేతి మీదే ఉంది. కట్టరు ఇనుములోకి దిగింది. నూనె కాలిన వాసన. చప్పుడు సన్నగా మొదలై, లావై, మళ్ళీ సన్నబడింది. "చాలు" అన్నాడు.

వెనక్కి లాగాను. గాడి పడింది. మామయ్య గోళీ పట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఎడమ డబ్బా కోసం వెతుకుతున్నాడు. అది అటక మీద ఉంది, పెట్టింది నేనే. అరచెయ్యి చాపాను. యాభై మూడో గోళీ అందులో వేశాడు. పైన రేకు మీద వాన మొదలైంది.

కొలతలాయన తడుస్తూ వచ్చి, పన్నెండూ కొలిచి, ఏ వంకా దొరక్క, "బాగున్నాయి పెద్దాయనా" అన్నాడు. మామయ్య తలూపాడు. కొలతలాయన వెళ్ళాక మా ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాను. బల్ల కింది అట్టపెట్టె కూడా తీసి చూపించాను. ఆమె బకెట్టులో దొరికిన గోళీ ఏదని అడిగింది. నా డబ్బాలోంచి వెతికి ఇచ్చాను. దాన్ని పట్టుకుని వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చింది. తాళం సొరుగులోనే ఉండిపోయింది. అవసరం పడలేదు. మామయ్య ఆ తర్వాత మిషను పిడి మీద చెయ్యి వెయ్యలేదు. వెయ్యొద్దని ఆయనకి ఎవరమూ చెప్పలేదు.

మర్నాడే డబ్బాలు అటక మీద నుంచి దించాను. ఇప్పుడు కోసేది నేను. ఆయన స్టూలు మీద కూర్చుని, నేను కట్టరు వెనక్కి లాగినప్పుడల్లా గోళీ వేస్తాడు. ఒక్కోసారి రెండు వేస్తాడు. ఒక్కోసారి వానని చూస్తూ వెయ్యడం మర్చిపోతాడు. పెట్టె నలభై అంటుంది, ఆయన డబ్బా ముప్పై ఎనిమిదంటుంది. అప్పుడు మిషను ఆపేస్తాను. గేరు తుడిచి, మొదటి పన్ను నుంచి ఒక్కోదాని మీదా వేలు పెట్టి పైకి లెక్కపెడతాను. ఆయన పెదవులు కూడా నాతోపాటు కదులుతాయి.

ఒకరోజు మా ఆవిడ గడప దగ్గర నిలబడి చాలాసేపు చూసింది.

"ప్రతిసారీ పెట్టెదే సరైన లెక్క అవుతోంది కదండీ. మళ్ళీ ఎందుకు లెక్కపెట్టడం?" అంది మెల్లగా.

"ఒకసారి కాలేదు" అని చెప్పి, మళ్ళీ మొదటి పన్ను మీద వేలు పెట్టాను.